ఎర్రకుంట కట్ట మీద పంచర్లు

మొదటి మేకు దొరికినప్పుడు దుర్గాదేవికి అనుమానం రాలేదు. రెండోది దొరికినప్పుడు మనసులో ఏదో మెదిలింది. మూడోదాన్ని వెనక టైరులోంచి పీకి అరచేతిలో వేసుకుని చూసేసరికి, ఇది దారిన పడిపోయిన మేకు కాదనీ, ఎవరో కావాలని పెట్టిందేననీ ఖాయం చేసుకుంది.

మూడూ ఒక్కచోటే దిగాయి. కర్దనూర్ దాటాక ఎర్రకుంట కట్ట మీద, తూముకూ, నిండితే నీళ్ళు పొర్లిపోయే మత్తడికీ మధ్య ఉన్న మట్టిబాటలో. మూడూ ఒక్క జాతివే. వేలెడు పొడవు, మెలితిరిగిన ఒళ్ళు, నిప్పుల్లో కాలినట్టు కమిలిన నలుపు. తుమ్మముల్లు గుచ్చుకుంటే ఆమె ఎవరినీ ఏమీ అనేది కాదు. ముల్లుకు మనిషి మీద పగ ఉండదు. మేకు వెనక మాత్రం ఒక చెయ్యి ఉంటుంది. ఆ చేతుల్ని కనిపెట్టడమే పదకొండేళ్ళుగా ఆమె ఉద్యోగం.

పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో, మందులకు ముడిసరుకు తయారుచేసే ఒక కంపెనీ గేటు దగ్గర ఆమె లేడీ గార్డు. షిఫ్టు దిగి వెళ్ళే ఆడవాళ్ళ సంచులూ టిఫిన్ డబ్బాలూ తెరిచి చూడాలి. వచ్చేపోయే బండ్ల నంబర్లు, అవి ఎక్కడికి పోతున్నాయో, ఎన్ని గంటలకు గేటు దాటాయో రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాలి. కొత్తగా చేరిన గార్డులకు ఆమె ఒకటే చెప్పేది: "మొకం సూడకు, చెయ్యి సూడు. దాసుకున్నోళ్ల చెయ్యి దాసుకున్నకాడికే పోతది." ఆ చూపు ఇంటికి కూడా వెంట వచ్చేది. "మా ఇంట్ల కోడి కూసినా గేటు పాసేదని అడుగుతది," అని భర్త నర్సింహులు నలుగురిలో నవ్వులాట ఆడేవాడు. ఆయన ఉన్న రెండెకరాలు చేసుకుంటూ, ఖాళీ రోజుల్లో గోదాముల్లో హమాలీకి పోయేవాడు.

అలాంటి మనిషి పిట్టలవైపు తిరగడానికి కూడా అనుమానమే కారణం. మూడేళ్ళ కిందట కంపెనీ వెనక గోడ మీదుగా రాగి తీగ పోతోందని తెలిసి, కాపలా కోసం ఆమెను నాలుగు రోజులు వాచ్ టవర్ ఎక్కించారు. చేతికి దుర్బిణి ఇచ్చారు. దానికి ఒక కంట్లో బూజు పట్టి ఉంది. రెండోరోజు పొద్దున గోడ అవతల నీటిగుంటలో ఒక తెల్లకొంగ కనిపించింది. దాని మూతి చెంచాలా ఉంది. అద్దంలో తప్పు ఉందనుకుంది. కొంగుతో తుడిచింది. బూజు లేని కంటితో చూసింది. అయినా చెంచానే. ఆ కొంగ మూతిని నీళ్ళలో అటూ ఇటూ ఊపుతూ, చాటలో బియ్యం చెరిగే ఆడమనిషిలా తీరిగ్గా నడిచింది.

ఆ సాయంత్రం కూతురు తనుశ్రీ ఫోనులో వెతికి బొమ్మ చూపించింది. "తెడ్డుమూతి కొంగనట అమ్మా."

"అంటే ఉన్నదే? నిజంగనే ఉన్నదే?" అని దుర్గ మూడుసార్లు అడిగింది. కళ్ళతో చూస్తే తప్ప దేన్నీ నమ్మని మనిషి, కళ్ళతో చూసి కూడా నమ్మలేకపోవడం ఆమెకు అదే మొదటిసారి. తనకు తెలిసిన ఊళ్ళోనే, తనకు తెలియకుండా, ఇంకా ఏమేం తిరుగుతున్నాయోనని ఆ రాత్రంతా అనుకుంది.

తరవాత ఆ దుర్బిణిని తుక్కులో వేస్తుంటే అడిగి తీసుకుంది. తీసుకెళ్ళమని స్టోర్స్ ఆఫీసరు నోటిమాటగా అన్నా వినలేదు. గేటు పాసు రాయించి, ముద్ర వేయించాకే ఇంటికి తెచ్చింది. ఆ పాసును మడతపెట్టి ప్లాస్టిక్ కవర్లో దుర్బిణి సంచిలోనే ఉంచుకుంది. ఎవరైనా ఎప్పుడైనా దొంగ అనవచ్చు.

తనుశ్రీ పాలిటెక్నిక్ చదువుకని సంగారెడ్డి హాస్టల్‌కు వెళ్ళిపోయాక ఆమె సైకిల్ తల్లికి మిగిలింది. పొద్దుటి షిఫ్టు వారంలో సాయంత్రాలు, మధ్యాహ్నం షిఫ్టు వారంలో వంట ముగించాక పొద్దున ఎనిమిది గంటల ప్రాంతంలో దుర్గ సైకిల్ ఎక్కేది. శుక్రవారం సెలవు. ఆ రోజు దూరం పోయేది. చీర కుచ్చిళ్ళు గొలుసులో పడకుండా దోపుకుని, దుర్బిణి మెడలో వేసుకుని నలభై నాలుగేళ్ళ ఆడమనిషి ఒంటరిగా చెరువుగట్ల వెంట తిరుగుతుంటే లోకం ఊరుకోదు కదా. అమీన్‌పూర్ చెరువు దగ్గర అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఎదురొచ్చి, బాల్కనీల్లోకి చూస్తున్నావా అని నిలదీశాడు. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయని దుర్బిణి ఇచ్చి చూపించినా, అతను కాకుల్ని కాకుండా ఏ బాల్కనీ కనిపిస్తుందోనని చూశాడు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట వైపు ఒక రైతు ఆమెను ప్లాట్ల బ్రోకరు అనుకుని, "మా భూమి అమ్మం, పో," అని గట్టు మీంచే కేకేశాడు. దుర్గకు వాళ్ళ మీద కోపం రాలేదు. వాళ్ళ స్థానంలో తను ఉన్నా అదే పని చేసేది.

పంచరు వేసుకోవడం కూడా ఆమె అలాగే నేర్చుకుంది. ఒకసారి తుమ్మముల్లు దిగి ఎండలో ఐదు కిలోమీటర్లు సైకిల్ నెట్టుకుంటూ వచ్చాక, మళ్ళీ ఒకరి మీద ఆధారపడనని టైరు ఊడదీసే పట్టీలు, గరుకు కాగితం, సొల్యూషన్ ట్యూబు, రబ్బరు ముక్కలు, చిన్న గాలిపంపు కొని క్యారియర్‌కు కట్టుకుంది. ట్యూబులో గాలి నింపి కుంట నీళ్ళలో ముంచేది. బుడగలు లేచినచోట పుల్లతో గుర్తు పెట్టేది. ఎర్రకుంటలో రెండోసారి ట్యూబు ముంచినప్పుడు చేతులు మోచేతుల దాకా మండాయి. సొల్యూషన్ పడలేదేమో అనుకుంది. కుంటలో నురగ ఉంది, వాసనా ఉంది. కానీ ఆ చుట్టుపక్కల ఏ గాలి తగిలినా ఏదో ఒక వాసన ఉంటుంది. ఏది ఎక్కడిదని ఎవరు ఆరా తీస్తారు? ఆ కుంటలో అంతకుముందు ఏడాది బుడుబుంగలు పిల్లలతో ఈదుతుంటే చూసింది. ఈసారి రెండు కొంగలూ ఒక లకుముకి పిట్టా తప్ప నోటుబుక్కులో రాసుకోవడానికి ఏమీ దొరకలేదు. వలస రావడం ఆలస్యమైందేమోలే అనుకుంది.

మూడో మేకు నాటికి రబ్బరు ముక్కలు అయిపోయాయి. కుంట బాట రోడ్డు మీదకు వచ్చి కలిసే మూలన సోమమ్మ పంచర్ల షాపు ఉంది. భర్తకు పక్షవాతం వచ్చాక ఆ షాపు ఆమే నడుపుతోంది. లారీ టైరును సుత్తెతో కొట్టి విప్పగలిగిన యాభై ఏళ్ళ గట్టి మనిషి. దుర్గ సైకిల్ నెట్టుకొచ్చి మేకు చూపించింది.

"మూడోసారి అక్కా. గీ కట్ట మీదనే."

సోమమ్మ మేకు వైపు చూడలేదు. ఆ చూడకపోవడాన్నే దుర్గ గమనించింది.

"తొవ్వ అన్నంక మేకులుండవా?"

"గిన్నొద్దులు లేని మేకులు ఇప్పుడెట్లొచ్చినయి?"

"నన్నడిగితే నాకేం ఎరుక? ముందు గా బాటెంట నువ్వెందుకొస్తున్నవో చెప్పు."

"పిట్టలను సూడనీకి."

"పిట్టలనా?" సోమమ్మ ట్యూబు లాగుతూనే ఆమెను కిందినుంచి పైకి చూసింది. "మా ఇంట్ల కోళ్ళున్నయి, సూసిపో. గా మెడలున్నదేంది? గా బుక్కుల ఏం రాస్తున్నవ్? ఏ కంపెనీ నీది?"

"కంపెనీతోని ఏం పని?"

"నాకేం పని లేదు. నీకే ఈడ ఏదో పనున్నట్టున్నది."

 దుర్గ చూపు షాపు పక్కనున్న పొయ్యి మీద పడింది. కంపెనీల్లోంచి వచ్చే పెట్టెల చెక్కలు అందులో మండుతున్నాయి. ఆ ప్రాంతంలో సగం ఇళ్ళకు అవే వంటచెరకు. చెక్క కాలిపోయాక పొయ్యి కింద బూడిదలో మేకులు మిగులుతాయి. మెలితిరిగినవి, నల్లగా కమిలినవి.  పంచరు వేసేదీ ఈమే, మేకులున్నదీ ఈమె పొయ్యిలోనే. ఇంకేం కావాలి? పంచరు డబ్బులిచ్చి సైకిల్ తీసుకుని ఇంటికి వచ్చింది. కానీ ఆమె పద్ధతిలో, చెయ్యి చూడందే నేరం రుజువు కాదు.

మధ్యాహ్నం షిఫ్టు వారం వచ్చాక మంగళవారం నాడు, తెల్లవారక ముందే బయలుదేరింది. అన్నం వండుకొమ్మంటే నర్సింహులు దుప్పటిలోంచే అడిగాడు. "దొంగను పట్టనీకి పోతున్నవా, పిట్టను సూడనీకా?"

"రెండు," అంది.

కట్టకు అవతల పెద్ద బండరాళ్ళ గుట్ట ఉంది. సైకిల్‌ను పొదలోకి తోసి, హ్యాండిల్ మెరవకుండా దాని మీద పాత గుడ్డ కప్పి, బండల సందులో కూర్చుంది. మంచులో కుంట మసకగా ఉంది. దూరంగా తీతువు ఒకటి అరిచింది. అటు చూడకూడదని తనకు తాను చెప్పుకుని, దుర్బిణిని బాట మీదే నిలిపింది. వెలుగు కాస్త విచ్చుకునేసరికి కట్ట మీదికి ఒక మనిషి వచ్చింది.

సోమమ్మ కాదు. నెత్తిన గంప, చేతిలో కొడవలి, వంగిన నడుము. తూము కింద ఎకరన్నర ఉన్న రాజవ్వ. దుర్గ ఆమెను గట్ల మీద గడ్డి కోస్తుంటే చాలాసార్లు చూసింది, పలకరించలేదు. రాజవ్వ బాట మధ్యలో చతికిలబడింది. రొంటిన దోపుకున్న మూటలోంచి ఒక్కొక్క మేకే తీసి, మొన పైకి ఉండేలా బండి జాడల్లో గుచ్చి, చుట్టూ మట్టి అదిమి, పైన దుమ్ము చల్లింది. నారు నాటినంత ఓపిగ్గా చేసింది. దుర్గ దుర్బిణి ఆమె మీదనుంచి దించలేదు. డెబ్బై ఏళ్ళ ముసలమ్మకు తన సైకిల్‌తో ఏం పగ?

రాజవ్వ లేచి తూము పక్కన జమ్ములోకి దిగింది. కాసేపటికి ఇంజను చప్పుడు వినిపించింది. లైట్లు ఆర్పేసిన ఒక ట్యాంకరు బాట మీదుగా వెనక్కు వెనక్కు వచ్చి కట్ట మీద ఆగింది. దాని చక్రాలు ఆ మేకుల మీదుగానే వచ్చాయి. ఏ చక్రానికీ ఏమీ కాలేదు. డ్రైవరు దిగి లావుపాటి పైపు కుంటలోకి వదిలాడు. పసుపూ ఎరుపూ కలిసిన నీళ్ళు, నురగ. గాలి ఇటు తిరగగానే గొంతులో ఘాటు తగిలింది. అది దుర్గకు తెలిసిన వాసన. కంపెనీలో మూడో బ్లాకు దాటేటప్పుడు ముక్కుకు కొంగు అడ్డుపెట్టుకునేది దానికే.

చెయ్యి అలవాటు కొద్దీ నోటుబుక్కు తీసి నంబరు రాసింది. చివరి నాలుగు అంకెలు, నాలుగు సున్నా ఏడు తొమ్మిది, రాయడం పూర్తికాకముందే ఆగిపోయింది. ఆ నంబరు ఆమె కొత్తగా రాస్తున్నది కాదు. ప్రతి మంగళవారం, శుక్రవారం పోయే ఆ బండిని, వారం విడిచి వారం, పొద్దుటి షిఫ్టు ఉన్న మంగళవారాల్లో ఆరుంబావుకు తనే గేటు తీసి బయటికి పంపుతోంది. ఎక్కడికి అనే గడిలో 'శుద్ధి కేంద్రం' అని రాసి, పక్కన సంతకం పెడుతోంది. శుద్ధి కేంద్రం ఉన్నది రోడ్డుకు ఆ చివర. ఎర్రకుంట ఈ చివర.

ట్యాంకరు వెళ్ళిపోయాక దుర్గ కిందికి దిగింది. జమ్ములోంచి రాజవ్వ కొడవలి పట్టుకుని ఎదురొచ్చింది.

"ఎవలు నువ్వు? గా డబ్బా బండోళ్ల మనిషివా? రోజు వచ్చి రాసుకపోతవ్, నేను సూస్తలేనా?"

"మేకులు నువ్వే పెడుతున్నవా పెద్దమ్మా?"

"పెడుతున్న. ఏం జేస్తవ్? పోలీసులకు చెప్తవా? చెప్పుపో." ముసలమ్మ కొడవలి దించలేదు. "గీ నీళ్లు తాగి నా బర్రె సచ్చిపోయింది. ఇంకోటి నెలలు నిండక ముందే ఈనింది. నారుమడి మాడిపోయింది. పోయి చెప్తే ఆధారమేదన్నరు. నాకు కండ్లున్నయి, కాగితాల్లేవు. ఏం జెయ్యాల్నో సమజ్ కాక మేకులు వెట్టిన."

"లారీ టైరుకు గవి దిగయి పెద్దమ్మా. నా సైకిల్‌కే దిగుతున్నయి."

రాజవ్వ ఆమె మొహంలోకి చూసింది. జాలి చూపించలేదు. "మరి నువ్వెందుకొస్తున్నవ్ ఈడికి?" అంది.

పిట్టల కోసమని చెప్పడానికి ఆ క్షణాన దుర్గకు నోరు రాలేదు. ఆ బండికి గేటు తీసేది నేనేనని చెప్పడానికి అంతకన్నా రాలేదు. తలవంచుకుని సైకిల్ తీసుకుని వచ్చేసింది.

ఆ తరవాతి మంగళవారం ఆమెకు పొద్దుటి షిఫ్టు. ఆరుంబావుకు ట్యాంకరు గేటు ముందు హారన్ కొట్టింది. దుర్గ దగ్గరికి వెళ్ళి అడిగింది. "పోయినసారి ట్రిప్పుకు అవతలోళ్లు ఇచ్చిన రసీదేది?" డ్రైవరు బీహారు నుంచి వచ్చినవాడు. నవ్వి, "ఆజ్ క్యా హువా మేడం, నీంద్ నహీఁ హుయీ క్యా?" అని, రాత్రి నిద్ర లేదా అన్నట్టు అడిగాడు. లోపల్నించి సూపర్‌వైజరు, బండి ఎందుకు ఆపారని అరిచాడు. దుర్గ చెయ్యి గేటు మీదికి వెళ్ళింది. తీసింది. బండి వెళ్ళిపోయింది. రిజిస్టర్లో సంతకం పెడుతూ, పెన్ను పట్టుకున్న చేతిని చూసుకుంటే ఆమెకు అది ఇంకెవరిదో అనిపించింది.

మధ్యాహ్నం అన్నానికి అందరూ వెళ్ళినప్పుడు రిజిస్టరు వెనక్కి తిప్పింది. ఎనిమిది నెలల మంగళవారాలూ శుక్రవారాలూ, గేటు దాటిన గంటలూ ఒక చీటీ మీద ఎక్కించింది. సగం మంగళవారాల్లో సంతకం ఆమెదే. చీటీని మడిచి రవికెలో దోపుకుంది. రెండింటికి షిఫ్టు దిగుతుంటే వాడుక ప్రకారం పోశమ్మ సంచి తనిఖీ చేయడానికి వచ్చింది. ఈ ఉద్యోగం పోశమ్మకు నేర్పింది దుర్గే. సంచిలో టిఫిన్ డబ్బా, చేతి గుడ్డ, నీళ్ళ సీసా. పోశమ్మ అవేవీ చూడలేదు.

"చెయ్యి గట్ల వెట్టినవేందక్కా?"

దుర్గ కిందికి చూసుకుంది. కుడిచెయ్యి తనకు తెలియకుండానే గుండె మీద ఉంది.

పదకొండేళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళు తన ముందు ఇలా నిలబడ్డారో ఆ ఒక్క నిమిషంలో ఆమెకు గుర్తొచ్చారు. సబ్బుముక్క దాచుకున్నవాళ్ళు, గ్లౌజు జత దాచుకున్నవాళ్ళు, ఏమీ దాచుకోకపోయినా భయంతో వణికినవాళ్ళు. వాళ్ళలో ఎవరికీ తను మినహాయింపు ఇవ్వలేదు.

"గుండెల జెర నొప్పిగున్నదే," అంది.

పోశమ్మ ఆమె కళ్ళలోకి చాలాసేపు చూసింది. నమ్మలేదు. నమ్మలేదని ఇద్దరికీ తెలుసు. "సరే పో, పండుకో," అని పక్కకు జరిగింది.

దుర్గ ఇంటికి పోకుండా సైకిల్ మీద నేరుగా సోమమ్మ షాపుకు వెళ్ళింది. రాజవ్వను అక్కడికే పిలిపించింది. చీటీ తీసి ముందు పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది. మేకులు సోమమ్మే వేసిందనుకున్నానని కూడా దాచలేదు.

"నీ సైకిల్ కోసం నేను మేకులు సల్లాల్నా?" సోమమ్మ పకపకా నవ్వింది. "నాకొచ్చే లారీ టైర్ల పనే ఒడుస్తలేదు! గా మేకులు రాజవ్వ పొయ్యిలయి. నాకెర్కనే. ఎర్కుండే నీకు చెప్పలే. నువ్వెవలో ఏందో." అంతలోనే ఆమె నవ్వు ఆగిపోయింది. చీటీ చేతిలోకి తీసుకుని, "అంటే గీ బండిని పంపుతున్నది నువ్వే. సంతకం నీదే. ఇప్పుడొచ్చి మా దిక్కున్న అంటవు. ఇది కంపెనీ ఆట కాదని మేమెట్ల నమ్మాలె?"

"నమ్మకున్రి," అంది దుర్గ. "నన్ను నమ్మి మీరు చేసేదేం లేదు. శుక్రవారం ఆరున్నరకు బండి వస్తది. రాకపోతే నేను అబద్ధం. వస్తే నా మాట తరవాత, ముందు బండిని పట్టుండ్రి."

రాజవ్వ దుర్గ వైపు తిరిగింది. "వస్తదా?" అని ఒక్కమాటే అడిగింది.

"వస్తది."

శుక్రవారం పొద్దున జమ్ములోనూ బండల వెనకా పదిహేనుమంది దాకా దాక్కున్నారు. రాజవ్వ దాయాదులైన పాలోళ్ళు, తూము కింద మడులున్న రైతులు. ఆరున్నర అయింది. బండి రాలేదు. ఆరూముప్పావు. ఒకతను పక్కవాడి చెవిలో ఏదో అని దుర్గ వైపు చూశాడు. తనకు దగ్గరగా ఇద్దరు మనుషులు ఊరికే జరిగి కూర్చున్నట్టు కూర్చున్నారని, తను పారిపోకుండా కాపలా ఉన్నారని దుర్గ గ్రహించింది.  ఏడవుతుండగా ఇంజను చప్పుడు వినిపించింది.

పైపు కుంటలో పడి నీళ్ళు పారడం మొదలయ్యాక సోమమ్మ బండికి అవతలి వైపునుంచి వంగి వచ్చింది. మేకులూ సుత్తెలూ ఏమీ వాడలేదు. వెనక చక్రాల వాల్వు పిన్నులు ఒక్కొక్కటే విప్పింది. బుస్సుమని గాలి పోతున్న చప్పుడుకు డ్రైవరు తిరిగి చూసేసరికి నాలుగు టైర్లు నేలకు అణిగిపోయాయి. రైతులు చుట్టుముట్టారు. ఫోన్లలో వీడియోలు తీశారు. పోలీసులకు ఒకరు, కాలుష్యం ఆఫీసుకు ఒకరు ఫోను చేశారు.

తను చెప్పిన పని చేసేవాడినేనని డ్రైవరు చేతులు జోడించాడు. "మై తో డ్రైవర్ హూఁ భాయ్, జో బోలా వహీ కర్తా హూఁ." అంతలో గుంపులో దుర్గ కనిపించింది. అతని మొహంలో ఆశ్చర్యం నిజమైనది. "మేడం? ఆప్ యహాఁ? గేట్ తో ఆప్ హీ ఖోల్తీ హైఁ నా!"

అందరూ ఒక్కసారిగా ఆమె వైపు తిరిగారు. సోమమ్మా రాజవ్వా తప్ప మిగతావాళ్ళకు ఆ సంగతి తెలియదు. వెనకనుంచి ఎవరో, "నేను ముందే అన్న గదా," అన్నారు.

దుర్గ ఒక అడుగు ముందుకు వేసింది. "అవును. గేటు నేనే తీసిన. ఎనిమిది నెలల సంది తీసిన. ఏడికి పోతున్నదని అడగలే. టిఫిన్ డబ్బాలు ఇప్పి సూసిన గని గీ డబ్బా ఇప్పి సూడలే." ఆ మాటలు అనేటప్పుడు ఆమె గొంతు గట్టిగానే ఉంది. తరవాత కూర్చోవాలనిపించి కట్ట మీద కూర్చుండిపోయింది. ఎవరూ దగ్గరికి రాలేదు. కాసేపటికి రాజవ్వ వచ్చి పక్కన చతికిలబడింది. ఓదార్చలేదు. నీళ్ళ సీసా ఇచ్చి, "ఇంటికాడి నీళ్లే, తాగు," అంది.

పది గంటలకు అధికారులు వచ్చారు. సీసాల్లో నీళ్ళు పట్టారు, పంచనామా రాశారు. దుర్గ చీటీ ఇచ్చి, తన పేరూ తండ్రి పేరూ చెప్పి, కింద సంతకం పెట్టింది.

ఆ తరవాత జరిగినవి ఎవరైనా ఊహించగలిగేవే. బండితో తమకు సంబంధం లేదని, తప్పంతా కాంట్రాక్టరుదేనని కంపెనీ చెప్పింది. కాంట్రాక్టరు డ్రైవరును చూపించాడు. కేసు నడుస్తోంది. రాజవ్వ ఇప్పటికి రెండుసార్లు వాయిదాకు పోయి వచ్చింది. సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్ళు దుర్గను తీసేశామని అనలేదు, రేపటినుంచి డ్యూటీ లేదని ఫోను చేశారు. ఆమె సామాన్లు తీసుకోవడానికి వెళ్ళిన రోజు పోశమ్మ ఆమె సంచిని అందరికన్నా ఎక్కువసేపు వెతికింది. సూపర్‌వైజరు చూస్తున్నాడు మరి. వెతుకుతూనే తల ఎత్తకుండా, "మంచిపని చేసినవ్ అక్కా," అని గొణిగింది.

మూడు నెలలు ఖాళీగా ఉన్నాక సంగారెడ్డిలో పప్పుల గోదాములో కాపలా పని దొరికింది. యజమాని రాజేశ్వర్ సేటు ఆమె సంగతి విని ఉన్నాడు. "మా రిజిస్టర్లు కూడా బయటికి పట్టుకపోతవా అమ్మా?" అని సగం నవ్వుతూ, సగం నిజంగానే అడిగాడు.

"తప్పుడు బండి పంపకున్రి సేటూ. నేను తీస్కపోను," అంది దుర్గ. ఆయన పెట్టుకున్నాడు. కానీ ఆమె రాసే ప్రతి పేజీనీ సాయంత్రం ఒకసారి తిరగేసి చూస్తాడు. ఆమెకు అది తప్పు అనిపించదు.

ఊళ్ళో మాటలు మాత్రం ఆగలేదు. కంపెనీనుంచి ఏదో ముట్టి ఉంటుందని కొందరు, ముట్టలేదనే అక్కసుతో పట్టించిందని కొందరు అన్నారు. నర్సింహులు మొదట్లో వాళ్ళతో పోట్లాడేవాడు, తరవాత మానేశాడు. తనుశ్రీ హాస్టల్నుంచి వచ్చినప్పుడు, "నువ్వు సొంతంగ సూడనిదే నమ్మవు గదా, వాళ్లు గూడ అంతే అమ్మా," అంది. నిజమే అంది దుర్గ.

ఈ చలికాలం ఎర్రకుంటకు బుడుబుంగలు వచ్చాయి. నాలుగు. వానలకు కుంట నిండి, మత్తడి దూకి, పాత నీళ్ళు చాలావరకు కొట్టుకుపోయాయని అంటున్నారు. దుర్గ ఒక శుక్రవారం పొద్దున కట్ట మీద కూర్చుని వాటిని చూస్తుంటే రాజవ్వ బర్రెను తోలుకుంటూ వచ్చింది. దూడ కూడా వెంట ఉంది. బర్రె నీళ్ళవైపు మెడ సాచింది. రాజవ్వ పలుపు లాగిపట్టి ఆపింది.

"పిట్టలొచ్చినయి గదా పెద్దమ్మా," అని దుర్గ దుర్బిణి అందించింది.

రాజవ్వ దాన్ని బూజు పట్టిన కంటివైపునుంచే పెట్టుకుని, ఏం కనిపించిందో ఏమో, చాలాసేపు చూసింది. ఒక బుడుబుంగ మునిగింది. అది తేలేదాకా ఆగి, దుర్బిణి తిరిగి ఇచ్చేసింది.

"పిట్టకేం ఎరుకనే? దూపైతే నీళ్లల్ల దిగుతది," అంది. "ఇంకో వానకాలం పోనీ. అప్పుడు సూద్దాం."

బర్రెను ఊరివైపు మళ్ళించి, బోరు నీళ్ళ తొట్టి దగ్గరికి తోలుకుపోయింది. దుర్గ నోటుబుక్కు తెరిచి తేదీ వేసి, బుడుబుంగలు నాలుగు అని రాసింది. ఆ పక్కన, నీళ్ళు ఇంకా తెలియదు, అని రాసింది.